లిఫ్టు కొనేముందు తలుపు సంగతి తేల్చుకోండి

పోయిన నెల ఇదే పేజీలో, మిద్దె మీద మిద్దె వేసుకునేవాళ్ళు లిఫ్టుకి చోటు ముందే వదులుకోండి అని రెండు ముక్కలు రాసినా. ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ముప్పాతిక భాగం లిఫ్టు మీదే. అనంతపురం, కర్నూలు, కడప యాడ చూసినా నాలుగంతస్తులు ఐదంతస్తులు లేస్తున్నాయి కాబట్టి జనానికి ఈ అవసరం వచ్చింది, సంతోషం. కానీ అన్నీ చదివినాక ఒకటి గమనించినా, క్యాబిన్‌లో ఏ అద్దం పెట్టాలి, సీలింగ్‌లో ఏ లైట్లు పెట్టాలి అని అడిగినవాళ్ళే ఎక్కువ, తలుపు ఏ రకం పెట్టించాలి అని అడిగినవాళ్ళు తక్కువ. లిఫ్టులో చెయ్యి నలిగేది తలుపు దగ్గర, పిల్లలు ఇరుక్కునేది తలుపు దగ్గర, మెకానిక్‌కి ఫోన్లు పోయేది కూడా ఎక్కువ తలుపు గురించే. అందుకే ఈసారి తలుపుల ప్రశ్నలు ముందు పెట్టినా, క్యాబిన్ సోకులు తర్వాత.

ప్రశ్న: సార్, మాది అనంతపురం సాయినగర్. జీ ప్లస్ త్రీ ఇల్లు కడుతున్నాం. నాయనకి మోకాళ్ళ నొప్పులు, అమ్మ మెట్లెక్కలేదు. మేస్త్రీ లిఫ్టుకని నాలుగున్నర అడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు వదిలినాడు. ఒక కంపెనీవాళ్ళు చూసి దీంట్లో మాన్యువల్ డోరే పడుతుంది అంటారు, ఇంకొకాయన ఆటోమేటిక్ పెట్టిస్తా అంటాడు. మా తమ్ముడేమో మాన్యువలైతే లిఫ్టే వద్దంటాడు. ఎవరి మాట వినాల? – ఒక సోదరి, అనంతపురం

జవాబు: ఇద్దరూ అబద్ధం చెప్పలేదమ్మా, ఇద్దరూ వేరే వేరే తలుపులు మనసులో పెట్టుకొని మాట్లాడినారు. ఆటోమేటిక్ అంటే ఒకటే రకం కాదు. మధ్యలో చీలి రెండు రెక్కలు చెరో పక్కకి పోయేది సెంటర్ ఓపెనింగ్, షాపింగ్ మాల్స్‌లో చూస్తాం కదా అది. రెండు రెక్కలూ ఒకదాని వెనక ఒకటి జరిగి ఒకే పక్కకి పోయేది టెలిస్కోపిక్, మనవాళ్ళు సైడ్ ఓపెనింగ్ అంటారు. చూడ్డానికి సెంటర్ ఓపెనింగే బాగుంటుంది, తొందరగా తెరుచుకుంటుంది కూడా, కానీ దానికి చోటు ఎక్కువ తింటుంది. లెక్క ఇట్లా వేసుకోండి, తలుపు తెరిస్తే 80 సెంటీమీటర్ల దారి కావాలంటే సెంటర్ ఓపెనింగ్‌లో రెండు పక్కలా చెరో 40 సెంటీమీటర్లు రెక్కలు పోయి నిలబడాలి, అంటే 160, దాని మీద ఫ్రేములు, బ్రాకెట్లు కలిపితే షాఫ్టు, అంటే లిఫ్టు తిరిగే గోడల గూడు, దగ్గర దగ్గర ఆరడుగుల వెడల్పు ఉండాలి. అదే టెలిస్కోపిక్ అయితే రెక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఒక పక్కన 40 చాలు, 120 ప్లస్ ఫ్రేములు, ఐదడుగుల్లో సర్దుకుంటుంది.

మీ నాలుగున్నర అడుగులంటే 137 సెంటీమీటర్లు. దాంట్లో 70 సెంటీమీటర్ల టెలిస్కోపిక్ డోరు పడుతుంది, కానీ బొటాబొటి, లోపల ప్లాస్టరింగ్ మందం పెట్టినా, తూకం గుండు వేసి చూస్తే గోడ కాస్త వంకరున్నా కష్టమే. ఇంకో సంగతి, ఆటోమేటిక్ డోరుకి బయటి తలుపు, క్యాబిన్ తలుపు రెండూ జరగాలి కాబట్టి తలుపులకే అడుగు దాకా లోతు పోతుంది, మీ ఐదడుగుల్లో క్యాబిన్‌కి మిగిలేది మూడడుగుల చిల్లర. నాన్నగారు రేపు వీల్‌చెయిర్ వాడాల్సి వస్తే 70 సెంటీమీటర్ల దారిలో చక్రాల మీద చేతులు పెట్టి తిప్పుకుంటూ లోపలికి పోవడం చాలా ఇబ్బంది. వికలాంగుల సౌకర్యాల కోసం మన దేశంలో రాసిన ప్రమాణాల్లో లిఫ్టు తలుపు దారి 90 సెంటీమీటర్లు ఉండాలని ఉంది, సొంత ఇంట్లో అంత కుదరకపోయినా 80కి తగ్గొద్దు.

కాబట్టి నా సలహా ఒకటే, గోడ ఇంకా పైకి లేవకపోతే మేస్త్రీని ఈ రోజే ఆపి ఇంకో అర్ధ అడుగు వెడల్పు, అర్ధ అడుగు లోతు పెంచమనండి, అది హాల్లో పోయినా మీకు తెలీదు, లిఫ్టులో మాత్రం జీవితాంతం తెలుస్తుంది. గోడ లేచిపోయి ఉంటే 70 సెంటీమీటర్ల టెలిస్కోపిక్ పెట్టించుకోండి. మాన్యువల్ స్వింగ్ డోరు చెడ్డదని నేను అనను, ధర తక్కువ, చోటు తక్కువ, కరెంటు పార్టులు తక్కువ. కానీ ఒక చేత్తో కర్ర పట్టుకొని ఇంకో చేత్తో బరువు తలుపు తనవైపు లాక్కొని, అది మూసుకునేలోపు లోపలికి దూరడం మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఎంత కష్టమో ఒకసారి నాన్నగారిని ఏదైనా బ్యాంకు అద్దాల తలుపు దగ్గర గమనించండి, మీకే అర్థమవుతుంది. మీ తమ్ముడు చెప్పేదాంట్లో న్యాయముంది.

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు, వెంకటరమణ కాలనీలో పాత అపార్ట్‌మెంట్. ఐదంతస్తులు, లిఫ్టుకి బయటా లోపలా రెండూ జాలీ గేట్లే, అదే లాగితే మడుచుకునే ఇనప గేటు. హైదరాబాద్‌లో పిల్లలకి లిఫ్టుల్లో జరిగిన ప్రమాదాలు టీవీలో చూసినప్పట్నుంచీ మా ఆవిడ పాపని ఒంటరిగా పంపించడం లేదు. మీటింగులో మార్చుదాం అంటే కింద ఫ్లోర్ వాళ్ళు మాకు లిఫ్టుతో పనేముంది అంటారు, సెక్రటరీ ఇరవై ఏళ్ళుగా ఏం కాలేదు కదా అంటాడు. మార్చకుండా జాగ్రత్తగా వాడుకుంటే సరిపోదా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సరిపోదు తమ్ముడూ. ఇది కాస్త వివరంగానే చెప్తా, ఎందుకంటే ఇట్లాంటి గేట్లు మన మూడు జిల్లాల్లో ఇంకా చాలా బిల్డింగుల్లో ఉన్నాయి.

జాలీ గేటులో లిఫ్టు కదులుతుంటే మనకీ గోడకీ మధ్య అడ్డం ఉండేది పట్టీలు మాత్రమే, వాటి సందుల్లోంచి చిన్న పిల్లల వేళ్ళు, చున్నీ కొస, స్కూల్ బ్యాగు బెల్టు ఏదైనా బయటికి పోతుంది. క్యాబిన్ కదిలేటప్పుడు ఆ బయటికి పోయింది ఏదో ఒక శ్లాబు అంచుకి తగుల్తుంది. పెద్దవాళ్ళకి ఇది తెలుసు, వెనక్కి నిలబడతారు. నాలుగేళ్ళ పిల్లకి జాలీలోంచి గోడ జరిగిపోతా ఉంటే ముట్టుకొని చూడాలనిపిస్తుంది, అది పిల్ల తప్పు కాదు. 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో హైదరాబాద్‌లో వరుసగా ఇద్దరు చిన్న పిల్లలు లిఫ్టుల దగ్గర ఇరుక్కుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వార్తలు చూసినాక కూడా ఏం కాలేదు కదా అనే మాట సెక్రటరీ గారు అనకూడదు.

ఇంక రెండో ప్రమాదం చాలామందికి తెలీదు. బయటి గేటుకీ క్యాబిన్ గేటుకీ మధ్య ఉండే ఖాళీ. పెద్ద మనిషి అక్కడ పట్టడు కాబట్టి మనం దాన్ని పట్టించుకోం. కానీ చిన్న పిల్లాడు ఆ సందులో నిలబడగలడు, బయటి తలుపు వెనక మూసుకుంటే, లోపలి గేటు కూడా మూసి ఉంటే, లిఫ్టుకి రెండు తలుపులూ మూసి ఉన్నట్టే లెక్క, పైన ఎవరో బటన్ నొక్కితే అది బయల్దేరుతుంది. బయట స్వింగ్ డోరు, లోపల జాలీ ఉన్న లిఫ్టుల్లో ఈ సందు ఇంకా పెద్దది. యూరప్ ప్రమాణాల్లో మూసిన రెండు తలుపుల మధ్య దూరం 12 సెంటీమీటర్లు దాటొద్దని రాసింది ఇందుకే. ఈ వారమే టేపు తీసుకొని మీది కొలవండి, బయటి గేటు లోపలి వైపు నుంచి క్యాబిన్ గేటు దాకా. 12 సెంటీమీటర్లు దాటి ఉంటే మీటింగులో ఆ టేపు తీసి అందరికీ చూపించండి, నా ఉత్తరం కన్నా అది బాగా పని చేస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, గేటు లాకు. ప్రతి ఫ్లోర్‌లో బయటి గేటుకి ఒక లాకు, ఒక కాంటాక్టు ఉంటాయి. లాకు పని ఏందంటే క్యాబిన్ ఆ ఫ్లోర్‌లో లేనప్పుడు గేటు తెరుచుకోకూడదు. కాంటాక్టు పని ఏందంటే గేటు పూర్తిగా పడకపోతే లిఫ్టు కదలకూడదు. పాత గేట్లలో ఈ కాంటాక్టులు అరిగిపోయి, దుమ్ము పట్టి, లిఫ్టు మాటిమాటికీ ఆగిపోతా ఉంటుంది. అప్పుడు ఫోన్ మీద ఫోన్ చేసి తొందర పెడితే వచ్చినవాడు ఆ కాంటాక్టుని ఒక చిన్న వైరు ముక్కతో షార్ట్ చేసి పోతాడు, సామాను వచ్చినాక మారుస్తా అంటాడు, లిఫ్టు తిరుగుతుంది కదా అని మనం మర్చిపోతాం. ఆ వైరు ఉన్నన్నాళ్ళు గేటు తెరిచి ఉన్నా లిఫ్టు నడుస్తుంది. చేత్తో పట్టుకుంటే బీడీ అంత ఉండదు ఆ వైరు, అంత పని చేస్తుంది.

మీరే పరీక్ష చేసుకోవచ్చు, ఇద్దరు మనుషులు చాలు, పిల్లల్ని దూరంగా ఉంచండి. లిఫ్టుని పై ఫ్లోర్‌కి పంపించి కింద ఫ్లోర్‌లో గేటు చేత్తో లాగి చూడండి, లోపలికి వంగొద్దు, కాలు గట్టిగా ఊనుకొని బయటే నిలబడండి. గేటు రాకూడదు. తర్వాత ఖాళీ క్యాబిన్ మీ ఫ్లోర్‌లో ఉండగా గేటు నాలుగు వేళ్ళంత తెరిచి పెట్టి, పక్కకి జరిగి, రెండో మనిషిని పై ఫ్లోర్ నుంచి బటన్ నొక్కమనండి. లిఫ్టు కదలకూడదు. లోపలి గేటుకి కూడా ఇట్లాగే. అన్ని ఫ్లోర్లలోనూ చూడండి. ఒక్క చోట తప్పినా మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి బోర్డు పెట్టండి, బాగయ్యేదాకా మెట్లే.

మార్చడం విషయానికొస్తే మొత్తం లిఫ్టు తీసేయాల్సిన పని లేదు. మోటారు, గైడ్ రైల్స్ (క్యాబిన్ పట్టుకొని జారే ఇనప పట్టాలు) బాగుంటే అవి ఉంచి క్యాబిన్, తలుపులు, కంట్రోల్ ప్యానెల్ మార్చుకోవచ్చు. పాత రిలే ప్యానెల్ ఆటోమేటిక్ తలుపుకి సరిపోదు, దాన్ని మార్చక తప్పదు, కాబట్టి కొటేషన్‌లో ప్యానెల్ లేకుండా తలుపులు మాత్రమే రాసినవాణ్ణి గట్టిగా అడగండి. షాఫ్టు వెడల్పు చాలితే బయటా లోపలా రెండూ ఆటోమేటిక్ పెట్టించండి. చాలకపోతే బయట చిన్న గాజు కిటికీ ఉన్న నిండు స్వింగ్ డోరు, లోపల ఆటోమేటిక్ తలుపు, కానీ ఆ 12 సెంటీమీటర్ల మాట మాత్రం వర్క్ ఆర్డర్‌లో రాయించుకోండి. లిఫ్టులకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాలు ఉన్నాయి, పాతది ఐఎస్ 14665, కొత్తది ఐఎస్ 17900, ఏది పాటిస్తున్నారో కొటేషన్‌లో నంబరు వేయమనండి, వేయని కంపెనీ వద్దు.

కింద ఫ్లోర్ వాళ్ళకి చెప్పండి, వాళ్ళ పిల్లలు మేడ మీద ఆడుకోవడానికి పోయేది ఈ లిఫ్టులోనే, గాలిపటాల రోజుల్లో అయితే రోజంతా దాంట్లోనే ఉంటారు.

ప్రశ్న: మాది కడప, ఎర్రముక్కపల్లె. ఇల్లంతా మన కడప బండలే పాలిష్ పట్టించి వేసినాం, చాలా అందంగా వచ్చింది. లిఫ్టు పోయిన నెల బిగించినారు, ఆరుగురు పట్టేది. దాంట్లో నేల మీద ప్లాస్టిక్ షీటు వేసినారు, చూస్తే ఇంటికి పొంతన లేదు. దాని మీద మన బండే వేసేద్దామని మా ఇంటాయన అంటాడు, టైల్స్ అబ్బాయి కూడా గంటలో పని అన్నాడు. వేయొచ్చా? – ఒక గృహిణి, కడప

జవాబు: మన బండ మీద మీకున్న ఇష్టం నాకూ ఉందమ్మా, కానీ ఆ టైల్స్ అబ్బాయిని ఆపండి.

ఆరుగురి లిఫ్టు అంటే లోపల 110 సెంటీమీటర్లు బై 100 సెంటీమీటర్లు ఉంటుంది. 20 మిల్లీమీటర్ల బండ అంత నేలకి పరిస్తే దగ్గర దగ్గర 60 కేజీలు, కింద వేసే గమ్ము, సిమెంటు అదనం. మన లిఫ్టు లెక్కల్లో ఒక మనిషి అంటే 68 కేజీలు, అందుకే ఆరుగురి లిఫ్టు మీద 408 కేజీలు అని రాసి ఉంటుంది. అంటే మీరు ఒక మనిషిని రాత్రింబగళ్ళు లిఫ్టులో నిలబెట్టినట్టే.

అయినా అసలు ఇబ్బంది అది కాదు. లిఫ్టులో క్యాబిన్ ఒక పక్క, ఇంకో పక్క కౌంటర్ వెయిట్ వేలాడతా ఉంటాయి. బావి గిలకకి రెండు పక్కలా రెండు బకెట్లు కట్టినట్టు, ఒకటి దిగితే ఇంకొకటి ఎక్కుతుంది, మోటారు మోసేది తేడా బరువు మాత్రమే. ఆ కౌంటర్ వెయిట్‌ని క్యాబిన్ ఖాళీ బరువు ప్లస్ మోయాల్సిన బరువులో 40 నుంచి 50 శాతం అని లెక్క కట్టి వేస్తారు. మీరు తర్వాత 60 కేజీలు క్యాబిన్‌కి చేరిస్తే ఆ లెక్క మొత్తం తప్పిపోతుంది, మనుషులు నిండినప్పుడు మోటారు వేడెక్కుతుంది, బ్రేకు మీద బరువు పడుతుంది, ఆగేటప్పుడు నేలకి సమానంగా ఆగదు. అప్పుడు గడప దగ్గర వేలంత ఎత్తు తేడా వస్తుంది, కాలు తట్టుకొని పడేది ఇంట్లో పెద్దవాళ్ళే.

బండ వేయకూడదని కాదు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఫ్లోరింగ్ మేం వేసుకుంటాం, ఇంత మందం, ఇంత బరువు అని చెప్తే కంపెనీవాళ్ళు క్యాబిన్ నేల అంత కిందికి దించి, కౌంటర్ వెయిట్ దానికి తగ్గట్టు వేసి ఇస్తారు. ఇప్పుడు కూడా కంపెనీని పిలిచి, బరువు చెప్పి, కౌంటర్ వెయిట్‌లో దిమ్మెలు చేర్చి బ్యాలెన్స్ సరి చూసి ఇస్తారా అని అడగండి. వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే వేయండి. లేదంటే బండ రంగులో ఉండే వినైల్ షీట్లు దొరుకుతాయి, పల్చగా ఉంటాయి, తేడా దగ్గరికొచ్చి చూస్తేనే తెలుస్తుంది. గోడలకి గ్రానైట్ పలకలు అతికించాలనుకునేవాళ్ళకీ ఇదే జవాబు, తాడిపత్రి బండకీ బేతంచెర్ల బండకీ కూడా ఇదే జవాబు.

ప్రశ్న: క్యాబిన్ లోపల స్టీలు పెట్టించాలా, పెయింటుదా? స్టీల్లో కూడా మిర్రర్ అంటారు హెయిర్‌లైన్ అంటారు. – అనంతపురం, రామ్‌నగర్ నుంచి

జవాబు: రోజూ నలుగురు వాడే లిఫ్టుకి ఎస్ఎస్ 304, అంటే తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీల్లో ఒక రకం, దాంట్లో హెయిర్‌లైన్. సన్నటి గీతల ఫినిషింగ్ కాబట్టి చిన్న గీరలు, చేతి మచ్చలు కనపడవు. మిర్రర్ ఫినిషింగ్ మొదటి వారం పెళ్ళి మండపం లాగా ఉంటుంది, తర్వాత గుడ్డ పట్టుకొని తుడిచే మనిషి ఉంటేనే. ఇనుము మీద పౌడర్ కోటింగ్ వేసింది ధర తక్కువ, రంగులు బాగుంటాయి, కానీ నేల తడిగుడ్డ పెట్టి తుడిచే అలవాటున్న మన ఇళ్ళల్లో కింద మూల తుప్పు పడుతుంది. డబ్బు సరిపోకపోతే గోడలు పౌడర్ కోటింగ్ పెట్టుకొని తలుపులు మాత్రం స్టీలు పెట్టించండి.

ప్రశ్న: మాకు ప్రొద్దుటూరులో బట్టల షాపు ఉంది. ముందు వైపు రోడ్డుకి కనపడేలా అద్దాల క్యాప్సూల్ లిఫ్టు పెట్టిస్తే జనం వస్తారని ఆలోచన. షాపు ముఖం పడమర. ఏమైనా ఇబ్బందా? – ఒక వ్యాపారి

జవాబు: పడమర అంటున్నారు కాబట్టి ముందు ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో కడప జిల్లాలో మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఆ గాజు పెట్టెలో మనిషి నిలబడలేడు, లోపల ఫ్యాను వేడి గాలినే తిప్పుతుంది. క్యాబిన్‌కి ఏసీ పెట్టించాలి, ఆ ఏసీ నీళ్ళు షాఫ్టులో కారకుండా ఏర్పాటు అడగాలి, గాజు మీద ఎండని ఆపే ఫిల్మ్ వేయించాలి. షాఫ్టు పైన వేడి గాలి బయటికి పోయే దారి పెట్టించాలి, లేకపోతే కంట్రోల్ కార్డులు వేసవిలో మొరాయిస్తాయి, మెషిన్ రూము లేని లిఫ్టుల్లో మోటారు కూడా పైన షాఫ్టులోనే ఉంటుంది కాబట్టి ఇంకా ముఖ్యం. వీలైతే ఉత్తరం పక్క గోడకి మార్చండి, రోడ్డుకి కాస్త పక్కగా కనపడినా కనపడుతుంది.

గాజు విషయం. టఫెన్డ్ గాజు పగిలితే చిన్న చిన్న ముక్కలై మొత్తం రాలిపోతుంది. లామినేటెడ్ గాజులో రెండు పలకల మధ్య పొర ఉంటుంది, పగిలినా ముక్కలు దానికే అంటుకొని గోడ గోడగానే నిలబడుతుంది. మనిషి ఆనుకొని నిలబడే చోట, మూడంతస్తుల ఎత్తులో, లామినేటెడ్ తప్ప ఇంకోటి ఒప్పుకోవద్దు. ప్రతి పలక మూలన గాజు రకం ముద్ర ఉంటుంది, బిగించే రోజు దగ్గరుండి చదవండి.

ఇంకొకటి, పండగ సీజన్లో మీ షాపుకి పిల్లలు ఎక్కువ వస్తారు. పిల్లలు గాజు తలుపు మీద అరచెయ్యి పెట్టి బయటికి చూస్తారు, తలుపు తెరుచుకునేటప్పుడు చెయ్యి గాజుకి అతుక్కొని దాంతోపాటే జరిగి పక్క సందులోకి పోతుంది. అందుకే గోడలు గాజువి పెట్టుకోండి, తలుపు స్టీలుది పెట్టించండి. తలుపు కూడా గాజుదే కావాలని పట్టుబడితే పిల్లల చెయ్యి అందేంత ఎత్తు వరకు గాజుని మసకబారిన రకం చేయించి, చెయ్యి సందులోకి పోతుంటే తలుపు ఆగే సెన్సరు పెట్టించండి.

సెన్సర్లలో కూడా రెండు రకాలున్నాయి. పాతది ఒకటో రెండో కిరణాలు, మోకాలి దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి, వాటి మధ్యలో చెయ్యి పెడితే తలుపుకి తెలీదు. ఇప్పుడు కింద నుంచి పై దాకా పరదా లాగా కిరణాలు ఉండే కర్టెన్ సెన్సర్ వస్తుంది. షాపు, ఆసుపత్రి, అపార్ట్‌మెంట్ ఏదైనా ఇదే పెట్టించండి. దీన్ని మిగుల్చుకోవాల్సిన ఖర్చుగా చూడొద్దు.

ప్రశ్న: కర్నూల్లో మూడంతస్తుల నర్సింగ్ హోం కడుతున్నాం. ఎనిమిది మంది లిఫ్టు ఒకటి చాలంటారా? – ఒక డాక్టరు గారు

జవాబు: చాలదు సార్. ఎనిమిది మంది అంటే 544 కేజీలు, బరువు సరిపోతుంది, కానీ లోపల 130 బై 110 సెంటీమీటర్లే, స్ట్రెచర్ పొడుగు రెండు మీటర్లు. పేషెంటుని కుర్చీలో కూర్చోబెట్టి, సెలైన్ బాటిల్ ఒకరు పైకెత్తి పట్టుకొని తీసుకుపోవాల్సి వస్తుంది, ఆపరేషన్ అయి బయటికొచ్చిన మనిషిని అట్లా ఎట్లా తీసుకుపోతారు. ఐఎస్ 14665లో హాస్పిటల్ లిఫ్టుకి వేరే కొలతలున్నాయి, 15 మందిది లోపల 100 బై 240 సెంటీమీటర్లు, 20 మందిది 130 బై 240, తలుపు దారి 120. మీకు చోటుంటే 20 మందిదే పెట్టండి, మంచం పక్కన నర్సు నిలబడగలదు. తలుపు టెలిస్కోపిక్ సైడ్ ఓపెనింగ్, షాఫ్టు సన్నగా పొడుగ్గా ఉన్నా పెద్ద దారి ఇచ్చేది అదే. తలుపు తెరిచి ఉండే టైము పెంచే బటన్ అడగండి. లోపల ఢీకొట్టినా సొట్టలు పడకుండా మంచం ఎత్తులో బంపర్ పట్టీలు వేయించండి.

ప్రశ్న: మా అవ్వకి లిఫ్టంటే భయం. కరెంటు పోతే లోపల ఊపిరాడదు, తాడు తెగితే కింద పడతాం అంటాది. కరెంటు పోయినప్పుడు ఏం చేయాల? – ఇంటర్ చదివే అమ్మాయి, అనంతపురం

జవాబు: అవ్వ భయం అందరికీ ఉండేదేనమ్మా, నెమ్మదిగా చెప్పు. క్యాబిన్ గాలి చొరని పెట్టె కాదు, పైన కిందా గాలి రంధ్రాలు వదులుతారు, ఫ్యాను ఆగినా గాలి ఆడుతుంది, ఉక్క పోస్తుంది అంతే. తాడు అనేది ఒకటి కాదు, చాలా వరకు మూడు నాలుగు ఉక్కు తాళ్ళుంటాయి. అవి కాక, లిఫ్టు వేగం మించితే క్యాబిన్ కింద ఉండే ఉక్కు దవడలు గైడ్ రైలుని పట్టేస్తాయి. తాడు తెగినా క్యాబిన్ కిందికి పడకుండా ఆపొచ్చని 1854లోనే న్యూయార్క్ ఎగ్జిబిషన్‌లో ఎలీషా ఓటిస్ అనే ఆయన తను నిలబడిన ప్లాట్‌ఫారం తాడు జనం ముందే తెగ్గొట్టించి చూపించినాడు. ఇది అవ్వకి చెప్పు.

కరెంటు పోతే ఏఆర్‌డీ అని బ్యాటరీ పరికరం ఉంటే లిఫ్టు దానంతట అదే దగ్గర ఫ్లోర్‌కి చేరి తలుపు తెరుస్తుంది. బ్యాటరీలు చచ్చిపోయి ఉంటే అది అలంకారమే, కాబట్టి నెలకోసారి మనుషులు లేనప్పుడు మెయిన్ ఆఫ్ చేసి చూడమని మీ నాన్నతో చెప్పు.

అది పని చేయక మధ్యలో ఆగిపోతే అలారం నొక్కి కూర్చోండి. తలుపు చేత్తో చీల్చుకొని బయటికి దూకొద్దు. ఎందుకంటే క్యాబిన్ రెండు ఫ్లోర్ల మధ్య ఆగినప్పుడు, దాని అడుగుకీ కింద ఫ్లోర్ తలుపుకీ మధ్య ఖాళీ షాఫ్టు ఉంటుంది, కాలు కిందికి పెట్టి జారితే పోయేది దాంట్లోకే. లోపల కూర్చున్న మనిషికి ఏం కాదు, బయటికి రావడానికి తొందరపడిన మనిషికే అయ్యేది. బయట ఉండేవాళ్ళు కూడా వాచ్‌మన్ దగ్గరున్న తాళంతో తలుపు తెరిచి చెయ్యి అందించి లాగొద్దు, మెకానిక్ వచ్చి క్యాబిన్‌ని ఫ్లోర్‌కి సమానంగా తెచ్చినాకే తెరవాలి.

ప్రశ్న: లిఫ్టులో అద్దం అలంకారానికేనా? – కడప

జవాబు: కాదు. చిన్న క్యాబిన్‌లో వీల్‌చెయిర్ తిప్పడానికి చోటుండదు, వెనక్కే బయటికి రావాలి, అప్పుడు తలుపు తెరిచి ఉందా, వెనక ఎవరన్నా ఉన్నారా అని ఆ మనిషి చూసుకునేది ఆ అద్దంలోనే. అందుకే తలుపుకి ఎదురుగా ఉన్న గోడకి పెట్టించండి, పక్క గోడకి పెడితే ఆ పని జరగదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి పండగ తర్వాత లిఫ్టు ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి తలుపు దగ్గర ఏదో చేసి పోతాడు. కారణం ఏమై ఉంటుంది? – కర్నూలు, ఎన్.ఆర్.పేట

జవాబు: పండగ ముందు రోజు వరండాలు బకెట్లతో నీళ్ళు పోసి కడుగుతారు కదా, ఆ నీళ్ళే. తలుపు కింద ఉండే అల్యూమినియం గాడి, సిల్ అంటాం, దాంట్లోకి నీళ్ళు పోయి అక్కడ్నుంచి షాఫ్టులోకి కారి, కింద ఫ్లోర్ తలుపు పైన ఉండే లాకు కాంటాక్టుల మీద పడతాయి. పైన మూడో ఫ్లోర్‌లో కడిగితే రెండో ఫ్లోర్ తలుపు మొరాయించేది అందుకే. మిగిలింది లిఫ్టు గుంతలో నిలబడుతుంది, అక్కడ బఫర్లు (క్యాబిన్ మరీ కిందికి దిగితే ఆపే స్ప్రింగులు), స్విచ్చులు తుప్పు పడతాయి.

లిఫ్టు ముందు రెండడుగుల వరకు నీళ్ళు పోయకుండా తడిగుడ్డతో తుడవమని పని మనిషికి చెప్పండి. కొత్తగా కట్టేవాళ్ళయితే లిఫ్టు గడప వరండా కన్నా కొంచెం ఎత్తులో, నున్నగా వాలు ఇచ్చి పెట్టించుకోండి, చక్రాలు ఎక్కేంత వాలు. సిల్ గాడిలో ఇసుక, ముగ్గు పిండి, వక్కపొడి పొట్లాలు పేరుకుంటే తలుపు చివరి అంగుళం మూసుకోక మళ్ళీ తెరుచుకుంటా ఉంటుంది, దానికి మెకానిక్ అక్కర్లేదు, లిఫ్టు ఆఫ్ చేసి పాత టూత్ బ్రష్షుతో వారానికోసారి ఊడ్చండి. ఆ గాడిలో నూనె మాత్రం పోయొద్దు, దుమ్ము దానికి అతుక్కొని ఇంకా గట్టిపడుతుంది.